అడవిలో దొరకని తూటా

1922 ఆగస్టు 22న చింతపల్లి. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు కథ ఎవరు చెప్పినా ఈ మూడు పేర్లూ వరసగా వస్తాయి. దొరికిన తుపాకులు 26 అన్న లెక్క కూడా చాలామందికి కంఠతా వచ్చు. ఆ తుపాకులతోపాటు రాజు మనుషులు మోసుకెళ్లిన తూటాల సంగతి మాత్రం ఎక్కువమంది దాటేస్తారు. అవి 2,500 పైచిలుకు. తుపాకీకి సుమారు వంద. పేల్చిన తూటాకు బదులు ఇంకోటి కావాలంటే మన్యంలో తయారయ్యే చోటు లేదు, అమ్మే దుకాణం లేదు. మళ్లీ ఇంకో స్టేషన్ మీద పడాలి.

చరిత్ర తుపాకులను లెక్కపెట్టింది. ఈ అడవుల్లో జరిగిన పోరాటాలు ఎందుకు అలా నడిచాయో, ఎందుకు అలా ముగిశాయో తెలియాలంటే వాటిలో పడే సీసాన్ని లెక్కపెట్టాలి. ఒకప్పుడు ఇక్కడ రెండు రకాల తుపాకులు తిరిగాయి. ఒకదానికి గుండు ఇంటి పొయ్యి మీదే పోసుకోవచ్చు. రెండోదానికి పనికొచ్చే తూటా ఫ్యాక్టరీలో తప్ప పుట్టదు. మొదటిది నాసిరకమే అయినా దాని తిండి ఊళ్లోనే దొరికేది. రెండోది ఎంత గొప్పదైనా తూటాలు నిండుకున్న రోజున దుడ్డుకర్రతో సమానం.

ఈ అడవుల్లోనివే అయిన భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలకు పాలకులు తరచూ మారారు. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి విడదీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. గీతలు ఎన్ని మారినా గోదావరికి అటూ ఇటూ ఉన్న కోయలు, కొండరెడ్ల బతుకు అడవితోనే. పోడు మీద పన్ను, కల్లు మీద చిగురుపన్ను, కొండ గ్రామాల మీద పెత్తనం చేసే ముఠాదారుల గోడు, పోలీసుల జులుం అన్నీ కలిసి 1879 మార్చిలో రంప తిరుగుబాటుగా పేలినప్పుడు ఆ మంట రేకపల్లికీ పాకింది. అక్కడ అంబుల్ రెడ్డి, అటు రంపలో తమ్మన్న దొర, అడ్డతీగల వైపు ద్వారబంధాల చంద్రయ్య. వాళ్ల అసలు ఆయుధం విల్లంబు. బాణం చేతికి వచ్చిన పనే: వెదురు ఇక్కడిదే, ములికి కొట్టే కమ్మరి ఇక్కడివాడే. తుపాకీ దొరికితే పట్టారు. దొరికినవాటిలో పాతవాటితో పెద్ద చిక్కు లేదు.

ఎందుకో చూద్దాం. గొట్టం మూతి నుంచి మందు కూరి, గుడ్డో పీచో దట్టించి, ఆపైన గుండు జార్చి, ఇనుప కడ్డీతో కుక్కే తుపాకీని తెలంగాణ వైపు బర్మారు అంటారు, కోస్తా వైపు నాటు తుపాకీ అంటారు. ఎన్‌కౌంటర్ వార్తల్లో, అటవీ శాఖ దాడుల వార్తల్లో ఈ మాట ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. దానికి కొలతల పట్టింపు తక్కువ. గుండు గొట్టంలో దూరితే చాలు. సీసం 327 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఇనుముకు కావలసిన కొలిమి, తిత్తి దీనికి అక్కర్లేదు. గోరుతో గీస్తే గాటు పడేంత మెత్తన. అంత మెత్తని లోహమే అయినా ఇనుముకన్నా బరువు: నీటికి పదకొండు రెట్లకు పైగా. చిన్న ముద్దలో ఎక్కువ బరువు, తక్కువ మంట, సులువైన పోత. ప్రపంచమంతా వందల ఏళ్లపాటు గుండుకు సీసాన్నే ఎంచుకోవడానికి ఈ మూడే కారణాలు. 1782లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు చెందిన విలియం వాట్స్ అనే ఆయన కరిగిన సీసాన్ని జల్లెడలోంచి ఎత్తు మీదనుంచి నీళ్లలోకి వదిలే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. పడుతూ పడుతూ ఆ బొట్లు గుండ్రంగా గట్టిపడతాయి. పిట్టలను కొట్టే చిన్న గుళ్లు ఆ తర్వాత బస్తాల లెక్కన తయారయ్యాయి.

సుఖం అక్కడితో సరి. గొట్టంలో వదులుగా దూరిన గుండు వదులుగానే బయటికొస్తుంది. లోపలి గోడలకు అటూ ఇటూ తగులుతూ వచ్చి, చివర ఏ వైపు తగిలితే దానికి ఎదురు దిక్కుగా వాలుతుంది. మందు మండిన గ్యాస్‌లో కొంత గుండు పక్కనున్న సందులోంచి ముందే పారిపోతుంది. అందుకే పాత తుపాకీతో వంద గజాల అవతల మనిషిని కొట్టడం గురి కన్నా అదృష్టం మీద ఆధారపడిన పని. అడవిలో పొద చాటునుంచి పది పదిహేను గజాల్లో పేల్చే వేటగాడికి ఈ లోపం పెద్దగా తెలియదు. మైదానంలో వరస కట్టిన సైన్యానికి తెలుస్తుంది.

సైన్యాలు వెతికిన విరుగుడు గొట్టం లోపల మెలితిరిగిన గాడులు. గాడులు పట్టుకుని తిప్పితే గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుంది. గాడులు పట్టుకోవాలంటే గుండు బిగువుగా ఉండాలి. బిగువైన గుండును మూతి నుంచి సుత్తితో దిగగొట్టాలి. యుద్ధం మధ్యలో అది కుదిరే పని కాదు. 1840ల చివర్లో ఫ్రాన్స్ సైన్యాధికారి క్లోద్ ఎటియెన్ మినియే ఈ పీటముడి విప్పాడు. ఆయన గుండు పొడవుగా, అడుగున గుల్లగా ఉంటుంది. గొట్టంలోకి సులువుగా జారుతుంది. మందు అంటుకోగానే ఆ ఒత్తిడికి అడుగున ఉన్న అంచు ఉబ్బి గాడుల్లోకి ఒదుగుతుంది. వెళ్లేటప్పుడు వదులు, వచ్చేటప్పుడు బిగువు. సీసం మెత్తన కాబట్టే ఇది సాధ్యమైంది.

ఈస్టిండియా కంపెనీ సైన్యానికి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చింది ఈ దారిలోనే. దాంతోపాటు కొత్త తలనొప్పీ వచ్చింది. నల్ల తుపాకీమందు మండితే సగానికి పైగా మసిగా, గట్టి పొక్కుగా మిగులుతుంది. పది రౌండ్లు పేలిస్తే గాడుల్లో ఆ మసి పేరుకుని తర్వాతి గుండు దిగనని మొరాయిస్తుంది. అందుకే గుండుకు చుట్టిన కాగితానికి జిడ్డు పూశారు. జిడ్డు మసిని మెత్తబరుస్తుంది, గుండు జారేలా చేస్తుంది. ఏం జిడ్డు? పశువుల కొవ్వు, తేనెమైనం కలిపిన జిడ్డు. తూటా కాగితాన్ని పంటితో చింపాలి. 1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఈ సంగతి సిపాయిల చెవిన పడింది. ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట బారకుల్లో దావానలమైంది. ఆ నెలాఖరుకే అధికారులు దిగివచ్చి, జిడ్డు లేని తూటాలిస్తాం, మైనం, నూనె మీరే కొనుక్కుని పూసుకోండి అన్నారు. అప్పటికే నమ్మకం పోయింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది ఆశ్వికులు తూటా ముట్టబోమన్నారు. మే 10న మీరట్ తిరగబడింది.

ఈ కథలో మతం, అవమానం, జీతాలు, రాజ్యాల ఆక్రమణ అన్నీ ఉన్నాయి. వాటి పక్కన ఎవరూ పెద్దగా పట్టించుకోని వర్క్‌షాపు కథ కూడా ఒకటుంది. ఆ జిడ్డు ఈ దేశపు ఎండకు పనికొచ్చేది కాదు. తేనెమైనం కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి. పశువుల కొవ్వు 40, 45 డిగ్రీల దగ్గరే కారిపోవడం మొదలుపెడుతుంది. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు నీడలోనే 45 డిగ్రీలు చూసినవాళ్లకు ఆ జిడ్డు తూటా పెట్టెలో ఏమవుతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. జిడ్డు కారిపోయిన గుండు ఎండిపోయి, మసి పట్టిన గొట్టంలో ఇరుక్కుంటుంది. కొవ్వు సీసాన్ని కొరికి పైన తెల్లటి పొర కట్టేలా చేస్తుంది. ఆ పొరతో గుండు కాస్త లావెక్కుతుంది.

దానికి సైన్యం చేసిన చికిత్స రెండు పనులు. పూతలో కొవ్వు తగ్గించి మైనం పెంచారు. గుండును సన్నబరిచారు. ఎన్‌ఫీల్డ్ గొట్టం అడ్డకొలత 0.577 అంగుళం, అంటే సుమారు 14.66 మిల్లీమీటర్లు. గుండు మొదట 0.568 అంగుళం. గొట్టానికీ గుండుకూ తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. దాన్ని 0.55 అంగుళానికి దించారు. తేడా దాదాపు 0.7 మిల్లీమీటరుకు పెరిగింది. పేలినప్పుడు ఎలాగూ ఉబ్బి బిగుసుకుంటుంది కాబట్టి గురి చెడలేదు, కూరడం సులువైంది. ఒక సామ్రాజ్యాన్ని ఊపేసిన తూటాకు చివరికి దొరికిన సాంకేతిక పరిష్కారం తేనెతుట్టె మైనం, అర మిల్లీమీటరు చిల్లర సందు. ఆ మైనం గోదావరి అడవుల్లో ఎన్ని తరాలుగానో తీస్తున్నదే.

ఆ తిరుగుబాటు సెగ తెలుగు నేలకూ తగిలింది: 1857 జులై 17న హైదరాబాద్‌లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందుండి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. రెసిడెన్సీ ఫిరంగుల ముందు ఆ దాడి నిలవలేదు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1878లో, భారతీయుడు లైసెన్సు లేకుండా ఆయుధం పట్టకూడదంటూ ఆయుధాల చట్టం వచ్చింది. రంప తిరుగుబాటు ఆ మరుసటి ఏడాదే.

ఆ సరికి తుపాకీయే మారిపోతోంది. మందు, గుండు, నిప్పు పుట్టించే టోపీ మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో ఇమిడి, వెనకనుంచి తుపాకీలో పెట్టే తూటా అయ్యాయి. వానకు తడిసినా చెడదు. బోర్లా పడుకుని కూడా నింపుకోవచ్చు. ఇత్తడిని పల్చగా సాగదీసే యంత్రం, మెర్క్యూరీ ఫల్మినేట్ లాంటి పేలుడు రసాయనం, సమపాళ్ల మందు లేకుండా ఈ తూటా పుట్టదు. ఇక్కడే అడవి ఓడిపోయింది. రాజు మనుషుల చేతికి వచ్చిన కార్బైన్లు ఈ తరానివి. వాటిలో వేయడానికి పొయ్యి మీద పోసిన గుండు కొరగాదు.

రివాల్వర్‌ది ఇంకా సున్నితం. మామూలు తుపాకీలో తూటా కూర్చునే గదీ గొట్టమూ ఒకటే. రివాల్వర్‌లో తిరిగే చక్రంలో ఆరు గదులు, ముందు వేరుగా గొట్టం, మధ్యలో సన్నని సందు. గుండు గది మూతి దాటి, సందు దూకి, గొట్టంలో పడాలి. కొలతల్లో ఏ చిన్న తేడా ఉన్నా అది వెంటనే బయటపడే చోటు ఇదే. అమెరికా వంటి దేశాల్లో, చట్టం అనుమతించే చోట, సీసం గుళ్లు ఇంట్లో పోసుకునేవాళ్లు వంద ఏళ్లకు పైగా ఉన్నారు. వాళ్ల ఫిర్యాదుల్లో మొదటిది ఎప్పుడూ ఒకటే: కొన్ని రౌండ్లకే గొట్టం లోపల సీసం అట్టకట్టి గురి పోతోంది.

ఎవరైనా ముందుగా అనుకునేది సీసం మరీ మెత్తగా ఉందని. అందుకే ఆంటిమొనీ కలిపి గట్టిపరుస్తారు. పాత అచ్చాఫీసుల్లో తెలుగు అక్షరాలు పోసిన టైపు లోహం కూడా ఇలా సీసం, ఆంటిమొనీ, తగరం కలిసినదే. తగరం వల్ల కరిగిన లోహం మూల మూలకూ పారి అక్షరం నిక్కచ్చిగా వస్తుంది. ఆంటిమొనీ వల్ల గట్టిపడుతుంది, చల్లారేటప్పుడు ముడుచుకుపోవడం తగ్గుతుంది. అచ్చుకు పనికొచ్చిన ఈ గట్టిదనం గుండు విషయంలో చాలాసార్లు రోగాన్ని ముదరబెడుతుంది. ఎందుకంటే జబ్బు మెత్తదనంలో లేదు, కొలతలో ఉంది. గాడుల అడుగు దగ్గర గొట్టం అడ్డకొలత కన్నా గుండు వెంట్రుకలో మూడో వంతు మందమైనా ఎక్కువ లావు ఉండాలి. అంతకన్నా సన్నమైతే మండే గ్యాస్ పక్కలనుంచి దూసుకుపోతూ సీసాన్ని కోసి, కరిగించి గోడలకు పూస్తుంది. మెత్తని గుండైతే ఒత్తిడికి ఉబ్బి ఆ సందు మూసుకునేది. గట్టిది ఉబ్బదు, సందు అలాగే ఉండిపోతుంది. రివాల్వర్‌లో చక్రం గది మూతి ఇరుకుగా ఉంటే ఇంకో చిక్కు: సరైన కొలతతో చేసిన గుండును కూడా ఆ మూతి నలిపి సన్నబరిచి పంపుతుంది. అప్పుడు ఎన్ని రకాల పూతలు మార్చినా లాభం లేదు. 1850ల్లో ఎన్‌ఫీల్డ్ నేర్పిన పాఠమే ఇది కూడా. సందు ఎంత, జిడ్డు ఏది అన్న రెండు ప్రశ్నలే సీసపు గుండు సాంకేతికత మొత్తం.

సైన్యాలు చివరికి ఈ గొడవ వదిలించుకోవడానికి సీసానికి రాగి మిశ్రమపు తొడుగు వేశాయి. పొగలేని కొత్త మందు ఇచ్చే వేగానికి బోసి సీసం తట్టుకోలేకపోయింది. తొడుగున్న తూటా మనిషిలోంచి దూసుకుపోతోంది, ఆపడం లేదని 1890ల్లో డమ్‌డమ్ ఆయుధాగారంలోనే ముక్కు దగ్గర తొడుగు తీసేసిన తూటా చేశారు. ఒంట్లో పువ్వులా విచ్చుకుని భయంకరమైన గాయం చేసే ఆ తూటాను 1899 హేగ్ ప్రకటన యుద్ధాల్లో నిషేధించింది. కలకత్తా శివారు ఊరు పేరు ప్రపంచ భాషల్లో ఒక క్రూరమైన తూటాకు పేరైపోయింది.

మళ్లీ మన్యానికి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో రాజు దళం పొంచి ఉంది. ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కొట్టారు. మనవాళ్లను చంపకూడదన్న రాజు నియమం గురించి ఎంతో రాశారు. ఆ నియమం నిజం. దానికి పక్కనే తూటాల పొదుపు కూడా ఉందని గమనించాలి. లెక్కకు వంద తూటాలున్న తుపాకీతో వరస మొత్తం మీద కాల్పులు జరపడం కుదరదు. అక్టోబరు 15న ముందే కబురు చెప్పి అడ్డతీగల స్టేషన్‌కు వెళ్లారు. ధైర్యానికి అది గొప్ప గుర్తు. ఆయుధాలను మాత్రం పోలీసులు అప్పటికే అక్కణ్నుంచి తరలించారు. కబురు చెప్పి వెళ్లడానికి రాజు కట్టిన వెల అదే. ఆ తర్వాత మలబార్ పోలీసులు, 1924 మొదట్లో అస్సాం రైఫిల్స్. వాళ్ల వెనక తూటాల పెట్టెలు ఎడ్లబండ్ల మీద, కూలీల నెత్తిన వస్తూనే ఉన్నాయి. అంతకు ముందే, 1922 డిసెంబరు 6న, పెదగడ్డపాలెం దగ్గర జరిగిన పోరులో రాజు మనుషులు దెబ్బతిన్నాక ఎదురెదురు యుద్ధం ఇక కుదరలేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును పట్టుకుని కాల్చేశారు. ఆయన ఓడింది వ్యూహంలో కాదు. అడవి ఆయనకు దారి చూపింది, తిండి పెట్టింది, దాచింది. తూటా మాత్రం ఇవ్వలేకపోయింది.

పాతికేళ్లకు తెలంగాణ సాయుధ పోరాటంలో ఇదే తేడా మళ్లీ కనిపిస్తుంది. మొదట కర్రలు, వడిసెలలు, కారం. దేశ్‌ముఖుల, పటేళ్ల ఇళ్ల నుంచి లాక్కున్న బర్మార్లు ఆ తర్వాత. రజాకార్ల ముందు బర్మారు కొంత నిలబడింది. 1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత దళాలు గోదావరి అడవుల్లోకి, అంటే ఇల్లెందు, గుండాల, పాల్వంచ వైపు జరిగినప్పుడు ఎదుట ఉన్నది రైఫిళ్లున్న సైన్యం. ఒక్కో దెబ్బకూ మందు, గుడ్డ, గుండు కూరుకునే ఆయుధంతో వాళ్లను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఇవాళ చట్టం చాలా సూటిగా ఉంది. 1959 ఆయుధాల చట్టం తుపాకీకి వేరుగా, తూటా తయారీకి వేరుగా లైసెన్సు అడుగుతుంది. సొంత రివాల్వర్‌కు లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటా తయారుచేసుకునే హక్కు రాదు. తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా చట్టం దృష్టిలో మందుగుండు సామగ్రే. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. మామూలు పౌరుడికి లైసెన్సు దొరికే 0.32 రివాల్వర్ కాన్పూర్‌లోని ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారవుతుంది. దానికి తూటాలు లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే, పుస్తకంలో రాయించుకుని కొనాలి. భద్రాచలం అడవి అంచున ఇంకో పొర కూడా ఉంది. కిన్నెరసాని, పాపికొండల వంటి రక్షిత అడవులకు పది కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ల ఆయుధ లైసెన్సులను వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కూడా నమోదు చేయించాలి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి లేకుండా అక్కడ కొత్త లైసెన్సు ఇవ్వరు.

చట్టం సంగతి అలా ఉంచినా, సీసం కరిగించే ఇంట్లో మొదట దెబ్బతినేది పిల్లలు. కరిగిన సీసం మీద తేలే బూడిదరంగు తెట్టు చాలా ప్రమాదకరం. తీసి పక్కన పారేస్తారు, ఎండి దుమ్మవుతుంది, వాకిట్లో పాకే పిల్ల చేతి మీదుగా నోట్లోకి పోతుంది. పిల్లల ఒంటికి ఇంత సీసం ఫర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సెనెగల్ రాజధాని డాకర్ శివారు తియారాయ్‌లో పాత బ్యాటరీల సీసం కోసం ఇళ్ల మధ్యే మట్టి జల్లెడ పట్టారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి మధ్య అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. రక్తంలో చేరిన సీసం ఎముకల్లోకి వెళ్లి దశాబ్దాలపాటు అక్కడే ఉంటుంది. గర్భిణి ఎముకల్లోంచి కడుపులో బిడ్డకు చేరుతుంది. ఇక కరిగిన సీసంలో ఒక్క చెమట చుక్క, ఒక్క తడి చెంచా పడితే చాలు. నీరు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని ముఖం మీదకు చిమ్ముతుంది.

వేటాడిన మాంసంలోనూ అదే సీసం. ఎముకకు తగిలిన గుండు చిన్న తునకలుగా చెదిరి గాయానికి దూరంగా కూడా చేరుతుంది. కడిగితే పోదు, ఉడికితే పోదు. తునకలున్న కళేబరాన్ని తిన్న రాబందులు చనిపోతున్నాయని తేలాకే కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. 2023 ఫిబ్రవరి నుంచి యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో సీసపు గుళ్లను ఆపేసింది. కోయల భూమి పండుగకు విల్లంబులతో అడవికి వెళ్లే ఆచారం ఉంది. వేట చట్టం దృష్టిలో ఆ ఆచారం పెద్ద చర్చే. బాణం మాత్రం అడవిలో సీసం వదిలిపెట్టదు.

ఆఖరుగా, ఊళ్లలో జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటి. తాతల నాటి బర్మారు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో అటక మీదో, కప్పు వాసాల మధ్యో దొరుకుతూ ఉంటుంది. లైసెన్సు తాతతోనే పోయి ఉంటుంది. అసలు భయం అది నింపి ఉందేమోనని. తడి తగలని నల్ల తుపాకీమందుకు వయసు మీద పడదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో ఒక సేకరణకర్త అంతర్యుద్ధ కాలపు ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఆ మందుకు అప్పటికి 140 ఏళ్లు దాటాయి. అలాంటి తుపాకీ కంటపడితే పిల్లలను దూరం పంపి, గొట్టం మూతి ఎవరి వైపూ లేకుండా చూసి, కడ్డీతో పొడవకుండా, మూతిలో ఊదకుండా, ఎండలోనో పొయ్యి పక్కనో పెట్టకుండా స్టేషన్‌కు ఫోన్ చేయాలి. నింపి ఉందో లేదో కడ్డీతో లోతు పోల్చి తేల్చే పని కూడా పోలీసులకే వదిలేయాలి. మోసుకెళ్లి అప్పగిద్దామన్న తొందర కూడా వద్దు, వాళ్లనే రమ్మనాలి.